నిన్నటి నీళ్ళు

ఓబులేసు సైకిలు బెల్లు వినబడేలోగా ఏదో ఒకటి తేలిపోవాలి. ఓబులేసు అంటే మా రైల్వే కాలనీలో ఇంటింటికీ తిరిగి డ్యూటీ కాల్ ఇచ్చిపోయే మనిషి, ఆయన మా గేటు ముందు నిలబడి బెల్లు కొట్టాడంటే లోపలి గదిలో నిద్రపోతున్న మా ఆయన, గూడ్సు బండి గార్డు, లేచి, ముఖం కడుక్కుని, తెల్ల ప్యాంటు తొడుక్కుని, తలుపు వెనక తగిలించిన గోనెసంచి తీసి అందులో సుక్కిని వేసుకుని పోతాడు. సుక్కి మా పిల్లి. నుదుటి మీద నల్లచుక్క ఉందని మా అత్త పెట్టిన పేరు. ఇప్పుడది ముందుగదిలో చేపల తొట్టి మీద కూర్చుని ఉంది, నేను చాప మీద పడుకుని, కొంగు ముఖం మీద కప్పుకుని, కొంగు సందులోంచి దాన్నే చూస్తున్నాను. నేను నిద్రపోయానని అది అనుకోవాలి, అనుకుని తన బుద్ధి చూపించాలి, లేదా తన బుద్ధి అది కాదని చూపించాలి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడలేదనుకుంటుందంటారు. ఇవాళ కళ్ళు మూసుకున్నది నేను, దాని కళ్ళు మాత్రం బాగా తెరుచుకుని తోక కొసతో సహా మేలుకుని ఉన్నాయి.

పిల్లిని చంపితే బంగారంతో పిల్లిని చేయించి దానమివ్వాలట, అంత బంగారం రైల్వేలో ఎవరి దగ్గరుంటుంది, అందుకే మా కాలనీలో పిల్లులకు బదిలీలే గానీ శిక్షలుండవు. పాలు తాగిన పిల్లిని, కోడిపిల్లను ఎత్తుకుపోయిన పిల్లిని, ఉత్తపుణ్యానికి అడ్డమొచ్చిన పిల్లిని సంచిలో వేసి గూడ్సు బండి వెనకడబ్బాలో పెట్టుకుని పోతారు, దూరంగా ఏదో స్టేషన్లో దింపేస్తారు. "పనిష్మెంటు ట్రాన్స్‌ఫరు" అని నవ్వుకుంటారు. ఇక్కణ్ణుంచి పోయిన పిల్లి అక్కడ, అక్కడి పిల్లి ఇక్కడ, గుంతకల్లు చుట్టుపక్కల ఏ స్టేషన్లో ఏ పిల్లిని చూసినా అది ఎవరింట్లోనో పాలు తాగి వచ్చిందే అనిపిస్తుంది నాకు. రాత్రి అన్నం తింటూ అడిగాను, యాడ దించుతావు అని. "యాడన్నా క్యాంటీనుండే కాడ దించుతాలే, మాడి సావదు" అన్నాడు మా ఆయన. అంత మాత్రం దయ ఉన్న మనిషే. కానీ చేపలు ఒక్కొక్కటే పోతుంటే దయ కూడా ఒక్కొక్క మెట్టే దిగుతుంది కదా.

చేపలు ఆయనవి. నేను అడిగినవి కాదు, పక్కింటి భద్రమ్మ అనుకుంటున్నట్టు పిల్లలు లేని లోటుకు తెచ్చుకున్నవీ కాదు. కళ్ళ పరీక్షకని సికింద్రాబాదు పోయినప్పుడు ఏదో దుకాణం ముందు నిలబడిపోయాడట, నిలబడి నిలబడి చివరికి ఒక చిన్న తొట్టీ, ఉబ్బిన పాలితీను కవర్లో చేపలూ కొనుక్కుని, దారి పొడుగునా కవరును ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు. నల్లవి కొన్ని, ఎర్రవి కొన్ని, తోక కత్తిలా సాగినవి కొన్ని. ఎందుకప్పా ఇవి, మనకే తాగను నీళ్ళు లేవు అంటే వెంటనే చెప్పలేదు, తర్వాతెప్పుడో ఒక పొద్దున చెప్పాడు. సిగ్నలు పడక బండి ఏ రాళ్ళగుట్టల నడుమనో నిలిచిపోతే వెనకడబ్బాలో తానొక్కడే, డ్రైవరు ఎక్కడో బండి ముందు కొసన, కదిలేది ఒక్కటీ కనబడదు, కదిలినా అది ఎండే. "ఇంటికొస్తానే ఏదన్నా కదల్తా కనపడాల. మాట్లాడకూడదు. ఊరికే కదల్తాండాల." నేను మాట్లాడతాను కాబట్టి ఆ పనికి నేను పనికిరాను. కోపం రాలేదు నాకు, నిజం చెప్పాలంటే జాలేసింది, ఆ రోజు నుంచి ఆయన డ్యూటీ దిగి వచ్చి తొట్టి ముందు కూర్చున్నంతసేపూ నేను వంటింట్లోనే ఉండిపోతాను.

సుక్కి తర్వాత వచ్చింది. కొత్తచెరువు దగ్గరి పల్లెలో మా అత్త బయమ్మ పోయింది, పెద్దదినం అయ్యాక మా మామ నరసింహప్ప ఒక చేత్తో బట్టల మూటా ఇంకో చేత్తో మూత కట్టిన బుట్టా పట్టుకుని రైలు దిగాడు. బుట్ట ఎందుకో దించనే లేదు, ఒళ్ళోనే పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. అది లోపల్నుంచి అరిస్తే అప్పుడు తెలిసింది. "మీయత్తది. ఇడిసిపెట్టి వచ్చేకి మనసు రాలా" అన్నాడు, అంతే, ఆ తర్వాత చాలాకాలం ఆయన నోటి నుంచి మాకంటూ వచ్చిన మాటలు తక్కువ. పిల్లితో మాత్రం మాట్లాడేవాడు. వాన వస్తుందా రాదా, పక్కోళ్ళ మజ్జిగ పులుపెందుకు, మోకాలు ఎందుకు నొప్పి, అన్నీ దానికే చెప్పేవాడు, నేను గోడవతల నిలబడి విని మోకాలికి మందు తెప్పించేదాన్ని. అలా మా ఇంట్లో మామ కష్టసుఖాలు పిల్లి చెవి గుండా నాకు చేరేవి. అది లేకపోతే ఆ మనిషి లోపల ఏముందో మాకు ఎలా తెలుస్తుంది, ఇదే నేను మా ఆయనకు చెప్పలేకపోయిన మాట, చెప్పినా మీసం కింద నవ్వుతాడు.

మొదటి రోజు నాకు బాగా గుర్తుంది, సుక్కి తొట్టి ముందు కూర్చుని ముక్కు అద్దానికి ఆనించింది, అవతల్నుంచి ఒక నల్ల చేప వచ్చి సరిగ్గా ఆ ముక్కు దగ్గరే ఆగింది. ఇద్దరి మధ్యా గాజు. ఇక చూసుకో అన్నాడు మా ఆయన, మామ మాత్రం "కొత్తోళ్ళు గదా, పరిచయం చేసుకుంటాండారు" అన్నాడు. సుక్కి పంజాతో అద్దాన్ని రెండుమూడుసార్లు తట్టి, అది చేపల్ని కదిలిస్తుందే గానీ దారి ఇవ్వదని తెలుసుకుని, ఆవులించి, తొట్టి పక్కనే పడుకుంది. ఆ తర్వాత రోజూ అదే సంసారం. తొట్టి మీద గాజుపలకకు ఒక మూల ఖాళీ ఉంది, గాలిబుడగల గొట్టం లోపలికి పోయేదీ మేత వేసేదీ అక్కడే, సుక్కి ఆ మూలన కూర్చుని నాలుక దించి తొట్టిలో నీళ్ళు తాగేది. దానికి నేను వేరే గిన్నెలో కుళాయి నీళ్ళు పోస్తే వాసన చూసి ముఖం తిప్పుకుని మళ్ళీ తొట్టెక్కేది. చేపల నీళ్ళు రుచి మరిగిందని నవ్వుకున్నాం. ఎర్ర చేపలు దాని నాలుక కిందికే వచ్చి తిరిగేవి, అది వాటిని పట్టించుకునేదే కాదు. రెండు చలికాలాలు అలా గడిచాయి, ఏనాడూ ఒక్క పొలుసు రాలలేదు.

ఈ ఎండాకాలమే ఏమైందో. వానలు ముఖం చాటేసి ఎన్నాళ్ళో అయింది, బోర్లు గాలి ఊదుతున్నాయి, కాలనీకి ట్యాంకరు వస్తే వచ్చినట్టు లేకపోతే లేనట్టు, వచ్చిన నీళ్ళలో కూడా రోగాలొస్తాయన్న భయంతో బ్లీచింగు పొడి ఎంత కలుపుతారో, బిందె మూత తీస్తే ముక్కు మండుతుంది. మనం అలవాటుపడ్డాం, ఏదైనా తాగుతాం. చేపలకు మాత్రం ఆ నీళ్ళు పచ్చిగా పోయకూడదు, దుకాణం వాడు మరీమరీ చెప్పాడట, బకెట్లో పట్టి మూత పెట్టకుండా ఒక పగలూ రాత్రీ ఉంచితే ఆ ఘాటు చచ్చిపోతుంది, అప్పుడు పోయాలి. అందుకే స్నానాలగదిలో ఒక నీలం బకెట్టు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, నిన్నటి నీళ్ళు అంటాం దాన్ని, మనుషులకు చాలకపోయినా దాన్ని ముట్టుకోవడానికి లేదు. ఈ సంగతి నాకు తెలుసు, మా ఆయనకు తెలుసు. మామకు చెప్పామా? చెప్పినట్టే ఉంది. చెప్పలేదేమో. చేపల నీళ్ళు మార్చే పని ఆయనది కాదు కదా, ఎందుకు చెబుతాం. మామకు ఈ ఎండాకాలం దాహం కూడా ఎక్కువైంది, కూర్చున్న కాసేపటికే చెంబు చాపి "రవ్వన్ని నీళ్ళు పొయ్యమ్మా" అంటాడు, పోస్తే మళ్ళీ చాపుతాడు, నాకు అనుమానమొచ్చి చక్కెర జబ్బేమో ఒకసారి రైల్వే ఆసుపత్రికి తీసుకుపోయి చూపించప్పా అని మా ఆయనతో అన్నాను కూడా.

చేపలు తగ్గడం అప్పుడే మొదలైంది. పొద్దున లెక్కకు ఒకటి తక్కువ, తొట్టి కింద గచ్చు మీద నాలుగు పొలుసులు, పక్కన మూతి నాక్కుంటూ సుక్కి. ఇంకేం సాక్ష్యం కావాలి. మా ఆయన చూపు మారింది. మామ ఆ రోజు కొడుకుతో మాట్లాడాడు, పిల్లితో కాకుండా నేరుగా. "మీయమ్మ పిల్లప్పా అది. పంపాకు. నేను కాపలా ఉంటా లే" అని. ఆ రోజు నుంచి తొట్టి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, మధ్యాహ్నాలు నేను కునుకు తీసినా ఆయన తీయలేదు. అయినా ఆయన వరండాలోకి లేచిపోయిన గడియల్లో చేపలు పోయాయి. ఇంట్లో పిల్లి ఉన్నాక కాపలా ఎవరున్నా ఒకటేనని భద్రమ్మ గోడ మీంచి తీర్పు చెప్పింది. నిన్న కత్తితోక చేప, మా ఆయనకు అన్నిటికంటే ఇష్టమైనది, పోయింది. ఆయన అరవలేదు, అరిచే మనిషి కాదు, సంచి తెచ్చి గాలాడటానికి దానికి బొక్కలు పెట్టి తలుపు వెనక తగిలించాడు. మామ ఆ బొక్కలు పెట్టడం చూశాడు. రాత్రి ఆయన చెంబు చాపలేదు.

బయట షంటింగు జరుగుతోంది, డబ్బాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆ చప్పుడు వరసగా దూరం పోయి తగ్గిపోతోంది. ఎండ కిటికీ ఊచల మధ్య నుంచి చాప దాకా వచ్చింది. సుక్కి ఇంకా మూలనే ఉంది. ఒకసారి వంగి నీళ్ళు తాగింది, నాలుక చప్పుడు వినబడుతోంది, ఒక నల్ల చేప దాని గడ్డం కిందే తిరుగుతోంది, అది తాగి తల ఎత్తి మీసాలు దులుపుకుంది, అంతే. చేప బతికే ఉంది. నాకు ఏదో తేలికయింది. అయితే ఎవరు మరి? పొలుసులు అబద్ధం చెబుతాయా? కునుకు నిజంగానే వచ్చేటట్టుంది, రెప్పలు బరువెక్కుతున్నాయి, అప్పుడే వరండాలోంచి చెప్పుల్లేని పాదాల చప్పుడు. మామ. చెంబు పట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. నా వైపు చూశాడు, నిద్రపోతున్నానని తేల్చుకున్నాడు. నీళ్ళు తాగుతాడనుకున్నాను. తాగలేదు. సుక్కిని మోచేత్తో కాస్త పక్కకు జరిపి, ఆ ఖాళీ మూలలోంచి అరచెంబు నీళ్ళు సన్నగా, చప్పుడు కాకుండా, పాలు పోసినట్టు తొట్టిలో పోశాడు. అన్నం పెట్టేటప్పటి ట్యాంకరు నీళ్ళు, మధ్యాహ్నం నేనే బిందెలోంచి చెంబులో పోసినవి. మేత వచ్చిందనుకుని చేపలన్నీ ఆ ధార కిందికి పరుగెత్తుకొచ్చాయి. "తాగండి తాగండి" అన్నాడు మామ వాటితో. "ఎండలకు నీళ్ళు గుంజుకపోతాండాయి. మీరు మాత్రం యాడికి పోతారు."

ఎప్పుడో చెప్పాడు ఆయన, నాకు కాదు, సుక్కికి చెబుతుంటే గోడవతల విన్నాను. మా అత్త కొత్తగా కాపురానికొచ్చిన ఏడు చెరువు ఎండిపోయిందట, నడుమ చాపంత నీళ్ళు మిగిలి, ఆ బురదలో చేపలు నోళ్ళు తెరిచి కొట్టుకుంటుంటే ఊరంతా తట్టలు పట్టుకుని దిగిందట. మా అత్త మాత్రం ఇత్తడి బిందెలో కొన్నిటిని వేసుకుని పరుగుపరుగున వాళ్ళ బాయిలో వదిలిందట. "నాలుగు నెలలకు బాయి గూడా ఎండిపాయ సుక్కీ" అన్నాడు, అని నవ్వాడు, నవ్వో ఇంకేదో గోడవతల నుంచి నాకు తెలియలేదు. నీళ్ళు తగ్గడం అంటే ఏమిటో ఆ కళ్ళకు తెలుసు. ఇంత ఎండలో కూడా తొట్టిలో నీళ్ళు గీత దిగలేదేమని నాకు ఒక్కరోజూ తట్టలేదు. ఆయన దాహం ఇదన్నమాట. చక్కెర జబ్బు కాదు, మనుషులకే చాలని ఇంట్లో బకెట్టు ముట్టుకుంటే కోడలేమంటుందోనని తన వంతు తాగే నీళ్ళలో సగం మిగుల్చుకుని వీటికి పోస్తున్నాడు, ఆ మిగతా సగంతోనే ఈ ఎండాకాలం వెళ్ళదీస్తున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కొంగు కింద ఏడిస్తే కొంగు కదులుతుందని బిగబట్టుకున్నాను. మామ వరండాలోకి పోయాడు, చెంబు తొట్టి పక్కనే మరిచిపోయి. సుక్కి మళ్ళీ మూలకొచ్చింది, అలవాటు ప్రకారం వంగి నాలుక పెట్టింది, పెట్టి చటుక్కున వెనక్కి లాక్కుని, తల విదిలించి, ముక్కు చీదింది. గిన్నెలో కుళాయి నీళ్ళకు ఎలా ముఖం తిప్పుకుంటుందో అలాగే. అప్పుడు వెలిగింది నా బుర్రలో. ధార కిందికి అన్నిటికంటే ముందొచ్చిన నల్ల చేప ఒక పక్కకు ఒరిగి ఈదుతోంది, నిలబడాలని చూస్తోంది, మళ్ళీ ఒరుగుతోంది. లేచి పోయి ఆ నీలం బకెట్లో వెయ్యాలని ఉంది, లేస్తే వరండాలో ఆయన చూస్తాడు, ఏమైందమ్మా అంటాడు, ఏమని చెప్పను. నీ నీళ్ళకు చస్తున్నాయి మామా అని చెప్పనా. చెప్పకపోతే పిల్లి పోతుంది. చెబితే పిల్లి ఉంటుంది, ఆ మనిషి ఉండడు, అంటే ఉంటాడు, అన్నం తింటాడు, కుర్చీలో కూర్చుంటాడు, కానీ ఎండిన బాయి దగ్గర నవ్విన ఆ నవ్వు కూడా ఇంకెప్పుడూ నవ్వడు, పిల్లికి కూడా ఏమీ చెప్పుకోడు. చేతులారా చంపానని అనుకుంటూ పోతాడు. ఇంట్లో ఎవరి మీదా తప్పు లేదు, అందరికీ దయే ఉంది, ఆ దయకే చేపలు చస్తున్నాయి. నల్ల చేప తిరగబడింది. పొట్ట పైకి తేలింది. సుక్కి చూసింది, చాలాసేపు చూసింది, అది ఇక కదలదని ఖాయమయ్యాక పంజా దించి, అలవోకగా గచ్చు మీదికి లాగి, కూర్చుని తినింది. బతికున్నదాన్ని ముట్టుకోలేదు. పోయినదాన్ని పారేయలేదు. నేను చూస్తూ పడుకున్నాను.

బెల్లు మోగింది. గేటు దగ్గర ఓబులేసు, "రామాంజులన్నా, బండుండాది, ధర్మవరం." లోపల మంచం కిర్రుమంది. మా ఆయన వచ్చేసరికి నేను లేచి కూర్చున్నాను, ఆయన కళ్ళు ముందు తొట్టి మీద, తర్వాత గచ్చు మీది పొలుసుల మీద, తర్వాత సుక్కి మీద పడ్డాయి. తలుపు వెనక్కి చెయ్యి పెట్టాడు. వరండాలో మామ లేచి నిలబడ్డాడు, గడప దాటి లోపలికి రాలేదు. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది.

"దాన్ని పంపాకు. చంపింది అది గాదు. సచ్చినేక తినింది, నేను చూస్తి."

"ఊరికే ఎట్లా సస్తాయి?"

"నేను పచ్చినీళ్ళు పోస్తి. నీళ్ళు తగ్గతాండాయని ట్యాంకరు నీళ్ళే పోస్తి. కొన్నాళ్ళ నుంచి పోస్తాండా."

"నువ్వా?" అన్నాడు. "నీకు తెల్సు గదా."

"తెల్సు. మర్సిపోతి."

ఆయన నన్ను చూశాడు. నీళ్ళ విషయంలో నేను ఏదీ మరిచిపోనని ఆయనకు తెలుసు, బిందె అడుగు తడి కూడా మొక్కకు పోసేదాన్ని. తొట్టి పక్కన మామ చెంబు ఉంది, దాని మూతి నుంచి గాజుపలక మీదికి కారిన చుక్క ఇంకా ఆరలేదు. ఆయన ఆ చెంబును చూశాడు. గడప అవతల నిలబడ్డ నాయనను చూశాడు. సంచిని మళ్ళీ కొక్కేనికి తగిలించి, "ఇంగ పొయ్యాకు" అన్నాడు నాతోనే, మెల్లగా, "నిన్నటియి పొయ్యాల." ముఖం కడుక్కుని, జెండాలూ టార్చీ సర్దుకుని, గడప దాటేటప్పుడు నాయన భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి పోయాడు. ఎప్పుడూ వెయ్యడు.

సైకిలు చప్పుడూ చెప్పుల చప్పుడూ సందు చివరికి పోయాయి. నేను గచ్చు తుడిచి, చెంబు తీసి వరండాలో మామ పక్కన పెట్టి వచ్చాను. సుక్కి పోయి మామ మంచం కింద పడుకుంది, ఆయన దానితో ఏమీ అనలేదు. ఎండ గోడెక్కింది. షంటింగు ఆగిపోయింది. తొట్టిలో మిగిలినవి అడుగున ఒక మూలకు చేరి నెమ్మదిగా కదులుతున్నాయి, ఇవన్నా ఉంటాయా అనుకుంటూ చూస్తున్నాను, ఉంటాయేమో, నీలం బకెట్టు నిండా ఉంది కదా. అంతలో వరండాలోంచి "మ్మా" అని పిలుపు. చెంబు ఖాళీగా చాపి ఉన్నాడు. నేను చెంబు తీసుకుని బిందె దగ్గరికి పోలేదు. స్నానాలగదిలోకి పోయి నీలం బకెట్లో ముంచి తెచ్చి ఇచ్చాను. ఆయన నోటి దగ్గరికి తీసుకుని ఆగాడు. వాసన చూశాడు. వాసన లేదు. నా వైపు తిరగలేదు, చెంబులోకే చూస్తూ అడిగాడు.

"ఇవి నిన్నటి నీళ్ళు గదమ్మా."

"ఊ" అన్నాను.

సగం తాగాడు. మిగతా సగం మీద అరచెయ్యి మూసి, ఒలకకుండా గడప లోపల, తొట్టి వైపు జరిపి పెట్టాడు.

"రేపు గూడా ఇవే పొయ్యమ్మా" అన్నాడు.